మైనం పెట్టని చోటు

మా ఆయన చెన్నబసప్పకు తన పంచె తాను మడత పెట్టుకోవడం పెళ్లయిన ఇన్నేళ్లలో చేతకాలేదు. తాగిన గ్లాసు తాగిన చోటే ఉంటుంది, విప్పిన చొక్కా విప్పిన చోటే ఉంటుంది. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, మెత్తటి మలమల్ గుడ్డతో కారు మడ్‌గార్డును తుడుస్తుంటే చూసి, చేతిలో చీపురు గోడకు ఆనించి నిలబడిపోయాను. నవ్వు వచ్చింది, కొంచెం ఒళ్లు కూడా మండింది. ఆ చేతులు అంత మెత్తగా కదలగలవని నాకు అప్పటిదాకా తెలియదు.

అది ఎనభై రెండో సంవత్సరం. జహీరాబాద్ గంజ్‌లో మాది అల్లం, బెల్లం అడ్తి దుకాణం. రాయికోడ్ నుంచి, మొగుడంపల్లి నుంచి రైతులు తెచ్చిన సరుకును అమ్మించి, బొంబాయి పోయే లారీలకు ఎత్తించడం మా పని. కారు కోసం మా ఆయన మా పెద్దది పుట్టకముందే పేరు రాయించాడు. అది పలక పట్టుకుని బడికి పోయే వయసు వచ్చాక కారు వచ్చింది. ఈలోపల పెరట్లో రేకుల షెడ్డు వేయించాడు, గేటు పగలగొట్టించి వెడల్పు చేయించాడు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని నేను దెప్పినప్పుడల్లా నవ్వేవాడే గానీ కోప్పడేవాడు కాదు. కారు మాట ఎత్తితే చాలు, ఆయనకు కోపం రాదు.

కంపెనీ వాళ్లు దానికి ఏ పేరు పెట్టినా ఊరంతా ఫియట్ అనే అన్నారు. నేరేడు పండు రంగు. నీడలో చూస్తే నలుపే అనిపిస్తుంది. ఎండలోకి తీస్తే లోపలి నుంచి ఊదా రంగు పైకి వస్తుంది. తెల్లది వెంటనే దొరుకుతుందని చెప్పినా వినకుండా ఈ రంగు కోసం ఇంకొన్నాళ్లు ఆగాడు.

హైదరాబాద్ నుంచి కారు వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. మా అత్తమ్మ శరణమ్మ విభూతి పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

“బసూ, జర నా చెయ్యి పట్టు” అంది.

మా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బానెట్ మీద ఆనించాడు. ఆమె మూడు వేళ్లు నీళ్లలో ముంచి, విభూతి ఉండ మీద రాసి, బానెట్ ముందరి భాగాన అడ్డంగా మూడు గీతలు తీసింది. తర్వాత కొడుకు నుదుటి మీద తీసింది. నేరేడు రంగు మీద తెల్లటి గీతలు ఎంత బాగున్నాయో చెప్పలేను.

మేము లింగాయతులం. విభూతి లేని నుదురుతో గడప దాటడం మాలో లేదు. అయితే అత్తమ్మ పద్ధతి ఇంకో మెట్టు పైన ఉండేది. ఇంట్లోంచి బయటికి పోయేది ఏదైనా ఆమె వేళ్ల కింది నుంచే పోవాలి. పూర్వం ఎడ్లకు, బండి కాడికి పెట్టేది. తర్వాత సైకిలుకు పెట్టింది. పిల్లల నుదుళ్లకు ఒక్కొక్క గీత. చివర్న కొడుక్కు. నలభై దాటిన మనిషి రోజూ పొద్దున అమ్మ ముందు వంగి నిలబడేవాడు. మా ఇళ్లల్లో అమ్మను అవ్వ అంటారు. “అవ్వా, పెట్టు, ఆలస్యమైతుంది” అని ఒక కేక, ఆమె చెయ్యి నుదుటి మీద కాసేపు, ఆ తర్వాత దుకాణం. అంతకు మించి ఆ తల్లీ కొడుకుల మధ్య పెద్దగా మాటలు ఉండేవి కావు.

అత్తమ్మ కళ్లకు అప్పటికే మోతిబిందు, అదే శుక్లాలు, వచ్చింది. ఆపరేషన్ అంటే “ఇంకొన్నొద్దులు పోనీ” అని దాటేసేది. ఇంట్లో మాత్రం ఎక్కడా తడుముకోకుండా తిరిగేది. వంటింటి గడప, తులసి గద్దె, బావి గట్టు, అన్నీ కాళ్లకు తెలుసు. చూసినవాళ్లు కొంచెం మసక అనుకునేవాళ్లు. అన్నం పెట్టేది నేను కాబట్టి నాకు తెలుసు. పచ్చడి పళ్లెంలో ఏ పక్కన ఉందో వేలితో వెతుక్కునేది. మా ఆయనకు చెప్పాను. “ఒప్పుకుంటలేదు గద, నేనేం జేయాలె” అన్నాడు. తప్పు పట్టను. అడిగితే కసురుకునే మనిషిని రోజూ ఎవరు అడుగుతారు.

ఇక పాలిష్ సంగతి. దీనికి గురువు మా పక్కింటి మదన్‌మోహన్. ఆయనకు ఉన్నది ఒక పాత స్కూటరు. కార్ల గురించి మాత్రం ఆయనకు తెలియనిది లేదు. బొంబాయిలో ఉన్న బావమరిది కారు చూసి వచ్చాడు మరి. హైదరాబాద్ నుంచి తగరపు డబ్బాలో మైనం తెప్పించింది ఆయనే. మొదటి ఆదివారం మా గోడ మీద మోచేతులు ఆనించి పాఠం మొదలుపెట్టాడు.

“కొత్త రంగంటె కొత్త కోడలు లెక్కనే అన్నా. మొదటి ఏడు ఎట్ల అరుసుకుంటె జీవితమంత అట్లుంటది.”

నేను వంటింటి కిటికీలోంచి అన్నాను. “మా ఇంట్ల కొత్త కోడలికి మొదటి ఏడు ఎవరు మైనం వెట్టి తుడిచిన్రో జర అడగున్రి మదన్ అన్నా.”

ఆయన నవ్వి తల గోక్కున్నాడు. మా ఆయన విననట్టు డబ్బా మూత తీయడంలో పడ్డాడు.

పద్ధతి చెప్తాను వినండి, ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ముందు కారును నీడలోకి తీయాలి. మా ఊరి దుమ్ము ఎర్రది, గరుకుది. దాని మీద ఎండు గుడ్డ పెడితే రంగు గీసుకుపోతుంది. అందుకని నీళ్లు పైనుంచి పోసి, దుమ్మును తనంతట తానే జారిపోనివ్వాలి. ఆ నీళ్లు కూడా బోరువి పనికిరావు. ఆరితే తెల్ల మచ్చలు కడతాయి. వాననీళ్లు కావాలి. అంచేత షెడ్డు రేకుల కింద ఒక డ్రమ్ము వెలిసింది. మేము ఉప్పు బోరు నీళ్లు పోసుకోవాలి, మహారాణికి వాననీళ్లు. కడిగి, తడి అద్ది, మైనం వేలెడంత గుడ్డకు రాసి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు పూయాలి. ఒకేసారి అంతా పూయకూడదు, చాటంత మేర చొప్పున. అది ఆరి మంచు పట్టినట్టు తెల్లబడాలి. అప్పుడు ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కతో తుడవాలి. తుడుస్తుంటే ఆ తెలుపు కింది నుంచి నేరేడు రంగు బయటికి వస్తుంది. నిజం చెప్పొద్దూ, అది చూడడం నాకూ ఇష్టమే. దెప్పుతూనే చూసేదాన్ని.

ఆదివారం పూట ఆ రెండు మూడు గంటలు మా ఆయన వేరే మనిషి. బెల్లం ధర పడిపోయిందని గానీ, లారీ రాలేదని గానీ అప్పుడు ఆయనకు ఫికర్ ఉండేది కాదు. ఏ మనిషికైనా తన చేతులతో మెరిపించుకునేది ఒకటి ఉండాలేమో అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. నాకు ఇత్తడి బిందెలు ఉన్నాయి. ఆయనకు ఇన్నాళ్లూ ఏమీ లేదు.

అత్తమ్మ రోజూ విభూతి పెడుతూనే ఉంది. ఒకసారి చెయ్యి పట్టి చూపిస్తే చాలు, రెండో రోజు నుంచి ఆమె తానే షెడ్డులోకి వచ్చేది. బానెట్ అంచు పట్టుకుని నడిమికి వచ్చి, అదే చోట మూడు గీతలు తీసేది.

దసరా వచ్చింది. జమ్మి నాడు ఊరంతా బండ్లు కడిగి పూజ చేస్తారు. దానికి ముందటి ఆదివారం మా ఆయన ఎప్పటికన్నా శ్రద్ధగా కూర్చున్నాడు. మైనం పూశాడు, ఆరనిచ్చాడు, తుడిచాడు. ఎండ ఏటవాలుగా పడింది. బానెట్ ముందర మూడు అడ్డ గీతలు కనిపించాయి. తెల్లగా కాదు. మెరుపు చచ్చి, మసకగా. మళ్లీ తుడిచాడు. మళ్లీ మైనం పూశాడు. అవి పోలేదు.

మదన్‌మోహన్ గోడ దిగి వచ్చి, వంగి, వేలి కొసతో తడిమి చూశాడు. “అన్నా, ఇది మరక గాదు. రంగే అరిగిపోయింది. దీని మీద ఏమన్న రుద్దినవా?”

మా ఆయన ఇంటి గడప వైపు చూశాడు.

“విభూతి వడ్తె రంగు అరుగుతదా?” అన్నాను నేను. “పూసి ఊకుంటె ఏం గాదు. దాన్ని ఎండు గుడ్డతోటి గీకితేనే గద. మీరే చెప్పిన్రు ఎండు గుడ్డ వెట్టొద్దని.”

ఆయన నెమ్మదిగా బయటపెట్టాడు. రోజూ ఇంటి నుంచి కదిలి, రైలు గేటు దాటగానే కారు ఆపి, జేబులోని రుమాలుతో విభూతి తుడిచేసేవాడట. బానెట్ మీద తెల్ల మరకతో గంజ్‌లోకి పోవడం ఆయనకు నచ్చలేదు. నుదుటి మీది దాన్ని మాత్రం ముట్టలేదట.

దుమ్ము మీద ఎండు గుడ్డ పెట్టకూడదని తెలిసిన మనిషి విభూతి మీద ఎందుకు పెట్టాడు అంటే, విభూతిని ఆయన దుమ్ము అనుకోలేదు. అది కూడా కాల్చిన పిడకల బూడిదే అన్న సంగతి మాకు ఎవరికీ తోచదు. పుట్టినప్పటి నుంచి నుదుటి మీద పెట్టుకునేది గరుకుగా ఉంటుందని ఎవరు అనుకుంటారు.

తప్పు ఎవరిదో ఆయనకు తెలుసు. తెలిసింది కాబట్టే కోపం ఎక్కువైంది. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, తన మీది కోపం తీసుకుపోయి తల్లి ముందు పెట్టాడు. ఆమె అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది.

“అవ్వా, రేపటి సంది కారుకు విభూతి వెట్టకు. రంగు పోతుంది.”

ఆమె చేతిలో చాట ఆగింది. “నేను వెడితె రంగు పోతుందా?”

“పోయింది. నీకు కనవడది గని, మూడు గీతలు వడ్డయి.”

“సరే బిడ్డ” అంది ఆమె. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. రుమాలు సంగతి ఆయన చెప్పలేదు. నేను చెప్పబోతే కళ్లతోనే వద్దన్నాడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తల్లి ముందు వంగి నిలబడ్డాడు. అత్తమ్మ లింగపూజ ముగించుకుని, పళ్లెం పక్కన పెట్టుకుని కూర్చుంది. చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

“ఏందవ్వా, ఆలస్యమైతుంది.”

“మీ నాయిన బండి గట్టిననాడు ఎడ్లకు వెట్టినంకనే మీ నాయినకు వెట్టేదాన్ని. మోసేదానికి వద్దన్నంక ఎక్కేటోనికి ఎట్ల వెడుదు?”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కాసేపటికి చల్లారేది. మా ఆయన నడుం ఎత్తి, “నీ ఇష్టం” అని లోపలికి వచ్చి, అద్దం ముందు తానే పెట్టుకున్నాడు. పైది వంకర, కిందిది లావు.

గంజ్‌లో విభూతి చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు. మొగుడంపల్లి నాగప్ప అల్లం బస్తా దించుతూ దించుతూ, “అవ్వ ఊరికి వోయిందా సేటూ?” అన్నాడట. మర్నాడు ఇంకెవరో “అవ్వకు పానం బాగలేదా?” అన్నారట. ఇంటికి వచ్చి ఆ చిరాకంతా కూరలో ఉప్పు మీద చూపించాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఒక్క మాట, “పెట్టవ్వా, కారుకు కూడా పెట్టు” అంటే పోయేది. ఆయన అనలేదు. ఒక్కసారి ఆమె చెయ్యి ఎత్తినా పోయేది. ఆమె ఎత్తలేదు. తల్లీ కొడుకులది ఒకే విత్తనం. జమ్మి పండుగ కూడా అట్లాగే గడిచింది. కారుకు నేనే కుంకుమ పెట్టాను, అది కూడా అద్దానికి.

రోజులు గడిచేకొద్దీ అత్తమ్మ నన్ను అడగడం మొదలుపెట్టింది. బసు చిక్కిండా. రాత్రి దగ్గిండు, జరం గిట్ల ఉన్నదా. దుకాణంల ఏమన్న తకరార్ అయ్యిందా. ఒకే ఇంట్లో ఉండి నన్ను అడగడం ఏమిటని నాకు విసుగొచ్చింది.

“మీ కొడుకే గదా అత్తమ్మా, మీరే అడగున్రి” అన్నాను.

“అడిగితె మగపిల్లలు చెప్తరా” అంది. తన మూడు వేళ్లను ఇంకో చేత్తో నిమురుకుంటూ అంది. “నొసలు మీద చెయ్యి వెట్టినప్పుడు అంత తెలుస్తుండె రత్నా. జరం ఉన్నది, నిద్ర వోనిది, మనసుల ఏదన్న పెట్టుకున్నది. కండ్లు వోయినంక వాని మొఖం నేను చూసుడు గా ఒక్క తాననే. ఇప్పుడు అది గూడ లేకపాయె.”

ఇన్నాళ్లూ అది ఒక ఆచారం అనుకున్నాను. ఆమె రోజూ కొడుకును చూసుకుంటోందని నాకు తట్టలేదు.

“మరి పిలిచి పెట్టున్రి అత్తమ్మా.”

“వద్దన్న చెయ్యిని మళ్ల ఎట్ల సాపుదు?”

ఆ మాట ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను, ఒక్క ముక్క కూడా దాచకుండా. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. లేస్తూ అన్నాడు. “గీతలు వోతె అయిపోతది గద. గీతలు లేకుంటె తకరారే లేదు. ఆదివారం చూస్త.”

మగవాళ్లతో ఇదే చిక్కు. మనసు విరిగిందని చెప్తే స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతారు.

ఆ ఆదివారం మదన్‌మోహన్ ఒక డబ్బా తెచ్చాడు. రంగు గీసుకుపోతే పై పొరను సన్నగా అరగదీసి సమం చేసే ముద్ద అది. ఎర్రమట్టి కలిపినట్టు ఉంది. మా ఆయన దాన్ని తడిగుడ్డకు రాసి, ఊపిరి బిగబట్టి రుద్దాడు. కొంచెం రుద్దడం, కడగడం, వంగి ఎండకు అడ్డంగా చూడడం, మళ్లీ రుద్దడం. ఎక్కువైతే లోపలి రేకు బయటపడుతుందని మదన్‌మోహన్ గోడ మీంచి భయపెడుతూ ఉన్నాడు. మధ్యాహ్నానికి గీతలు పోయాయి. పైన మైనం పూసి తుడిచేసరికి బానెట్‌లో షెడ్డు రేకులు, గోడ మీద మదన్‌మోహన్ మొహం అన్నీ కనిపించాయి. నేను అందులో చూసి బొట్టు సర్దుకున్నాను.

మా ఆయన మొహం చూడాలి అప్పుడు. గెలిచి వచ్చినవాడిలా లోపలికి పోయి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

“అవ్వా, గీతలు వోయినయి. ఎట్లుండెనో అట్లనే అయ్యింది. ఇగ నువ్వు రోజు వెట్టు. నేను తడిగుడ్డతోటి తుడుచుకుంట.”

నేను విభూతి పళ్లెం తెచ్చి పట్టుకున్నాను. అత్తమ్మ వేళ్లు తడిపి, విభూతి రాసి, బానెట్ అంచు పట్టుకుని నడిమికి వచ్చింది. చెయ్యి ఆనించింది. ఆపింది. కొంచెం పక్కకు జరిపింది. మళ్లీ ఇటు జరిపింది. అరచెయ్యి నున్నటి రంగు మీద జారుతూ కారు ముందు దీపం దాకా పోయి, వెనక్కి వచ్చింది. విభూతి అక్కడక్కడా అంటుకుంది. మేము ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

“బసూ, ఇది మన బండేనా?” అంది.

“మనదే అవ్వా.”

“నేను వెట్టే జాగ కనవడ్తలేదు. గరుకుగ ఉంటుండె. వేలు వెట్టంగనే తెలుస్తుండె.”

ఆమె చెయ్యి ఇంకా వెతుకుతూనే ఉంది. వెతుకుతూ మామూలుగా, కూరగాయలు అడిగినట్టు అడిగింది.

“ఇంతకు దీని రంగేందిరా?”

ఆ మాటకు మదన్‌మోహన్ గోడ మీంచి చేతులు తీసేశాడు. మా ఆయన ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“నేరేడు వండు రంగవ్వా.”

“నేను నల్లదనుకున్న” అంది ఆమె.

“కొన్ననాడు గూడ నీకు కనవడలేదా?”

“హారన్ ఇనవడ్డది. కొత్త వాసన వొచ్చింది. నువ్వు నవ్వుతున్నవు. అంతకంటె ఇంకేం చూడాలె.”

ఏ రంగు కోసం అన్ని నెలలు ఆగాడో, ఏ రంగును వాననీళ్లతో కడిగి ఆదివారాలన్నీ తుడిచాడో, ఆ రంగు ఈమెకు లేదు. ఈమెకు ఉన్నదల్లా ఆ మూడు గరుకు గీతలు. వాటినే ఆయన పొద్దుటి నుంచి చెమటలు కార్చి తీసేశాడు.

మా ఆయన ఆమె చెయ్యి బానెట్ మీంచి తీసి తన నుదుటి మీద పెట్టుకున్నాడు. ఆమె విభూతి పెట్టలేదు. ముందు కనుబొమ్మలు తడిమింది, కణతలు, చెంపలు. “చిక్కినవు. జరం వొచ్చిపోయింది గద, నాకు చెప్పలె” అంది. “తప్పయిందవ్వా” అన్నాడు ఆయన. రుమాలు సంగతి కూడా అప్పుడే చెప్పేశాడు. ఆమె నవ్వింది. “నాకెర్కే. రైలుగేటు కాడ ఆపినట్టు వాళ్లు వీళ్లు చెప్పలేదనుకున్నవా” అంది. ఆమెకు అన్నీ తెలుసు. కారు రంగు ఒక్కటే తెలియదు.

తకరారు అక్కడికి తీరింది. కానీ చెయ్యికి చోటు దొరకలేదు. మర్నాటి నుంచి ఆమె పెట్టిన గీతలు ఒకనాడు దీపం మీద, ఒకనాడు మడ్‌గార్డు మీద పడేవి. మేము చెయ్యి పట్టి చూపిస్తామంటే ఒప్పుకోదు. “జారుతుందిరా” అని తనే నొచ్చుకునేది. రోజూ వచ్చి వెతుక్కునే ఆ చెయ్యిని చూడడం నావల్ల అయ్యేది కాదు. మా ఆయన అయితే అటు తిరిగి నిలబడేవాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. అత్తమ్మ తిని పడుకుంది. మా ఆయన నన్ను షెడ్డులోకి పిలిచాడు. చేతిలో గరుకు కాగితం ముక్క ఉంది, వడ్రంగులు కర్రను నున్నగా చేసేది.

“నీ మూడు వేళ్లు ఇక్కడ వెట్టు” అన్నాడు.

పెట్టాను. వాటిని చూసి, “అవ్వవి జర దూరం దూరం ఉంటయి” అని నా వేళ్లను ఎడంగా జరిపాడు. సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. కాగితాన్ని సన్నటి పుల్లకు చుట్టి, తను అద్దంలా చేసిన బానెట్ మీద గీయడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి.

మదన్‌మోహన్ గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, నీకేమన్న దిమాగ్ ఖరాబైందా?”

“చప్పుడు జేయకు. అవ్వ పండుకున్నది” అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండా.

మూడు గీతలు గీశాడు. వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత మైనం డబ్బా తీసి, ఎప్పటి పద్ధతిలోనే కారంతా పూశాడు. ఆ మూడు గీతల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ కొసను వేలికి చుట్టుకుని, వాటికి మైనం అంటకుండా చుట్టూ తిప్పి పోయాడు. పెళ్లినాడు నా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా నాకు ఆయన మీద అంత ప్రేమ కలగలేదు. ఇది ఆయనతో అనలేదు. అంటే వెంటనే నన్ను బకెట్ తెమ్మనేవాడు.

మర్నాడు అత్తమ్మ వేళ్లు బానెట్ మీద జరుగుతూ వచ్చి, ఒక్కచోట ఆగాయి. “ఇగో, దొరికింది” అంది. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

చలికాలం వచ్చాక ఆమే అడిగింది, ఆపరేషన్‌కు ఎప్పుడు పోదామని. ఇన్నాళ్లూ లేని ధైర్యం ఇప్పుడెట్లా వచ్చిందని అడిగితే, “గా రంగేదో చూడాలె” అంది. అదే కారులో హైదరాబాద్ కంటి దవాఖానకు తీసుకుపోయాం. పట్టీలు, చుక్కల మందులు, తలస్నానం వద్దన్న ఆంక్షలు అన్నీ అయ్యాక దళసరి అద్దాలు వచ్చాయి. వాటితో ఇంట్లో మొదటిరోజు గోడకు కొట్టుకుంది. కళ్లు లేనప్పుడు ఎన్నడూ కొట్టుకోలేదు.

మర్నాడు పొద్దున తానే షెడ్డులోకి నడిచింది. మా ఆయన వెనకే పోయాడు, ఆయన వెనక నేను. రేకుల సందులోంచి ఎండ కారు మీద పడుతోంది. చాలాసేపు చూసింది. “నేరేడు వండే. తొక్క మీద బూడిదె తుడిచినంక ఉంటది సూడు, గట్లనే” అంది. మా ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత ఆమె కారు ముందుకు వచ్చి ఆగింది.

“ఇదేందిరా? ఇంత మంచి బండిని ఎవరు గీకిన్రు?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను పైన రేకులు చూశాను.

“వాడ పిల్లలు అవ్వా. ఇనుప మొలతోటి గీకినట్టున్నరు.”

అత్తమ్మ వంగింది. ఏమీ అనకుండా తన మూడు వేళ్లను ఆ మూడు గీతల మీద ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. అట్లాగే కాసేపు ఉంచింది. తర్వాత తల ఎత్తి కొడుకు మొహం చూసింది. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలను, నుదుటి ముడతలను, ఎన్నో ఏళ్ల తర్వాత కళ్లతో చూసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది, ఆయనకూ తెలిసింది.

“పిల్లలకు బుద్ధి లేదు” అంది.

“లేదవ్వా” అన్నాడు ఆయన.

ఆ మర్నాటి నుంచి ఆమె బానెట్‌కు విభూతి పెట్టడం మానేసింది. డ్రైవరు కూర్చునే వైపు, ముందరి అద్దానికి పెట్టింది. అద్దం మీదైతే మరక పడదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. కొడుకు వంగి నిలబడితే నుదుటికి పెట్టింది. కొత్తగా వచ్చిన కళ్లను అప్పుడు మాత్రం మూసుకుంది.

ఆ రోజు రైలు గేటు దగ్గర మా ఆయన కారు ఆపలేదు. సరిగ్గా కళ్లకు అడ్డంగా ఉన్న ఆ మూడు గీతల కింది నుంచి తల వంచి దారి చూసుకుంటూ గంజ్ దాకా పోయాడట.